లాగడం సరే, ఆగడం మాటేమిటి?

పశ్చిమ ప్రకాశంలో ట్రాక్టరు దున్నే రోజుల కంటే లాగే రోజులే ఎక్కువ. వానను నమ్ముకున్న మెట్ట నేలల్లో అదునుకు రెండు మూడు దుక్కులు అయ్యాయంటే ఇంజనుకు నాగలి పని తీరిపోతుంది. ఆ తర్వాత ఏడాదంతా దాని వెనక ఏదో ఒకటి తగిలించే ఉంటుంది. మార్కాపురం చుట్టుపక్కల పలకల రాయి, దాని ముక్కా చెక్కా. గిద్దలూరు, కంభం వైపు మిర్చి, కంది, పొగాకు, పశువుల మేత. ఎండలు ముదిరితే దోర్నాల, ఎర్రగొండపాలెం, పెద్దారవీడు పల్లెలకు మంచినీళ్ల ట్యాంకరు. బత్తాయి చెట్ల నడుమ దూరడానికి కొన్న 20, 25 హెచ్‌పీ మినీ ట్రాక్టరుకు కూడా తోట పని లేని రోజున కిరాయి పని చూసుకోక తప్పదు, ఎందుకంటే బ్యాంకు వాయిదాకు తోట పని ఉందా లేదా అన్న పట్టింపు ఉండదు. ఇంతగా లాగుడు మీదే బతికే బండిని కొనేటప్పుడు షోరూములో అందరూ అడిగే ప్రశ్న ఒకటే: ఎన్ని టన్నులు లాగుతుంది? ఎన్ని టన్నులను ఆపగలదు అని అడిగేవాళ్లు అరుదు. అడగాల్సింది మాత్రం రెండో ప్రశ్నే. ట్రాక్టరు వెనక ఎంత బరువు కట్టాలన్నది ఇంజను హెచ్‌పీని బట్టి కాక, ట్రాక్టరు సొంత బరువును బట్టి, వెనక తగిలించే ట్రక్కుకు (ట్రెయిలరుకు) బ్రేకులు ఉన్నాయా లేవా అన్నదాన్ని బట్టి తేల్చాలి. ఈ మాటను రైతుకు నూరిపోసే ముందు, ట్రాక్టర్లను కిరాయికి పిలిచే సర్కారు తన మీద తాను అమలు చేసుకోవాలి.

లాగడానికీ ఆపడానికీ తేడా ఎందుకొస్తుందో కొంచెం లెక్క వేసి చూద్దాం. తక్కువ గేరులో చిన్న ఇంజను కూడా పెద్ద బరువును కదిలిస్తుంది; గేరుపెట్టె చేసే పనే అది. ఆపేటప్పుడు గేరుపెట్టె చేసే సాయం కొంతే. ఆపేది టైరుకూ రోడ్డుకూ మధ్య పట్టు, ఆ పట్టు టైరు మీద పడే బరువును బట్టి ఉంటుంది. మన ట్రాక్టర్లలో ఎక్కువ వాటికి బ్రేకులు పట్టేది వెనక రెండు చక్రాలనే. రెండు టన్నుల ట్రాక్టరు ఒక్కటే పొడి తారు రోడ్డు మీద గంటకు 25 కి.మీ. వేగంతో వస్తూ గట్టిగా బ్రేకు కొడితే ఆరేడు మీటర్లలో ఆగుతుంది. దాని వెనక బ్రేకుల్లేని నాలుగు చక్రాల ట్రక్కు, సరుకుతో కలిపి ఆరు టన్నులది ఉందనుకోండి. పట్టు పాతదే, ఆపాల్సిన బరువు నాలుగింతలు. ఆగడానికి 22 నుంచి 25 మీటర్లు కావాలి. ఇరవై అడుగులకు ఒక అడుగు దిగే వాలులో అదే బండికి 40, 50 మీటర్లు పడుతుంది. పది అడుగులకు ఒక అడుగు దిగే చోట అసలు ఆగుతుందని చెప్పలేం. ఇప్పుడు రెండు టన్నుల ట్రాక్టరు బదులు 900 కిలోల మినీ ట్రాక్టరును పెట్టి చూడండి. చదును రోడ్డు మీదే 40 మీటర్ల దాకా పోతుంది. చిన్నపాటి దిగుడులో కూడా ఆగుతుందన్న భరోసా లేదు. వేగం రెట్టింపైతే ఈ దూరాలన్నీ నాలుగింతలవుతాయి. డ్రైవరు పరాకు, అరిగిన టైర్లు, రోడ్డు మీద ఇసుక, ఇవేవీ నేను లెక్కలో వేయలేదు. రెండు చక్రాల ట్రక్కైతే కొంత బరువు హుక్కు మీదుగా ఇంజను వెనక చక్రాల మీద పడి పట్టు పెరుగుతుంది, నిజమే. కానీ ఆ బరువు ఎక్కువైతే ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగు మాట వినదు. చిన్న బండికి ఈ ముప్పు మరీ ఎక్కువ.

ఇది నేను ఇంట్లో కూర్చుని కనిపెట్టిన సూత్రమేమీ కాదు. పెద్ద ట్రాక్టరు కంపెనీలు విదేశాల్లో అమ్మే బండ్ల మాన్యువల్లో స్పష్టంగా రాస్తాయి: బ్రేకుల్లేని ట్రక్కును గంటకు 32 కి.మీ. మించిన వేగంతో లాగకూడదు; సరుకుతో కలిపి దాని బరువు టన్నున్నర దాటితే, ట్రాక్టరు బరువుకు ఒకటిన్నర రెట్లు మించకూడదు. బ్రేకులున్న ట్రక్కైతే 40 కి.మీ. వేగం దాకా నాలుగున్నర రెట్లు లాగవచ్చు. ఈ కొలతతో మన రోడ్ల మీద తిరిగేవాటిని చూస్తే, రెండు టన్నుల ట్రాక్టరు బ్రేకుల్లేని ట్రక్కుతో లాగాల్సింది మూడు టన్నులు, ట్రక్కు ఇనుము బరువుతో సహా. మినీ ట్రాక్టరుకైతే టన్నున్నర. మనవాళ్ల కొలత వేరు. తొట్టి నిండిందా లేదా అన్నదే కొలత. పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తున్న తొట్టిలో దాదాపు మూడున్నర ఘనపు మీటర్ల సరుకు పడుతుంది. పత్తితో నింపితే అది ఏ చిన్న ఇంజనుకైనా బరువే కాదు. ఇసుకతో నింపితే అయిదు టన్నులు దాటుతుంది. పలకల రాయి ఘనపు మీటరుకు రెండున్నర టన్నుల పైమాటే. ముక్కల మధ్య సందులు పోను లెక్కేసినా నిండు తొట్టి ఇసుక బరువుకు తగ్గదు. తొట్టి సగం కూడా నిండకముందే మినీ ట్రాక్టరు హద్దు దాటిపోతుంది, చూసేవాళ్లకు మాత్రం "ఇంకా బోలెడు చోటుంది" అనిపిస్తుంది. ఎండు మిర్చి టిక్కీలు దీనికి తిరగమరగ. బరువు తక్కువ, ఎత్తు ఎక్కువ. మలుపులో పల్టీ కొట్టేది అలాంటి లోడే.

నీళ్ల సంగతి ఇంకో రకం. అయిదు వేల లీటర్ల ట్యాంకరంటే అయిదు టన్నుల నీళ్లు, పైన ట్యాంకు ఇనుము. నిండా ఉన్న ట్యాంకరు కనీసం ఒక్క ముద్దగా ఉంటుంది. ఒక ఊళ్లో సగం పోసి రెండో ఊరికి బయల్దేరిన ట్యాంకరులో రెండున్నర టన్నుల నీళ్లు లోపల ఊగుతుంటాయి. బ్రేకు కొడితే నీళ్లన్నీ ముందుకు వచ్చి ఇంజనును తోస్తాయి. మలుపులో పక్కకు ఒరిగి ట్యాంకరును ఒరిగిస్తాయి. లోపల రంధ్రాలున్న అడ్డురేకులు వేస్తే ఈ ఊపు చాలావరకు చస్తుంది. బయట రంగు వేసి పేరు రాయించిన ట్యాంకరు లోపల అడ్డురేకులు ఉన్నాయో లేవో మూత తీసి చూస్తేగాని తెలియదు, ఆ మూత తీసి చూసే అధికారి ఎవరో కూడా తెలియదు. పైగా ఈ ట్యాంకర్లకు డబ్బు వచ్చేది ట్రిప్పుల లెక్కన. ఎన్ని ట్రిప్పులు కొడితే అంత బిల్లు. బోరు దగ్గర కరెంటు ఉన్న గంటల్లోనే నింపుకోవాలి, ఊళ్లో జనం బిందెలు పెట్టుకుని ఎదురు చూస్తుంటారు. ఇన్ని ఒత్తిళ్ల నడుమ నిదానంగా నడపమని డ్రైవరుకు చెప్పడం సులువు. నిదానంగా నడిపినవాడికి డబ్బు తక్కువ వచ్చేలా ఏర్పాటు చేసింది మాత్రం మనమే.

ఆగడంలో ఉన్న చిక్కు బయటపడేది ఎక్కువగా దిగుడులో. గిద్దలూరు నుంచి నంద్యాలకు నల్లమల మీదుగా పోయే దారి, దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ అందరికీ తెలిసినవే. అంత పెద్ద ఘాట్ కూడా అక్కర్లేదు, చెరువు కట్ట మీంచి ఆయకట్టులోకి దిగే బాట చాలు. డీజిలు కలిసొస్తుందని దిగుడులో న్యూట్రల్ కొట్టి వదిలే అలవాటు ఒకటుంది. ఇంజను పట్టు వదిలేసిన ఆ క్షణం నుంచి బండిని నడిపేది వెనకున్న ట్రక్కు. చాలా ట్రాక్టర్లలో వేగం అందుకున్నాక మళ్లీ కింది గేరు పడదు, కర్రుమని పళ్లు రాసుకుంటాయి తప్ప. ఎక్కేందుకు ఏ గేరు వాడతామో దిగేందుకూ అదే గేరు, అదీ దిగుడు మొదలు కాకముందే వేసుకోవాలి. ఇక పెడల్స్. పొలంలో సాలు చివర గిరుక్కున తిరగడానికి ట్రాక్టరుకు ఎడమ చక్రానికి ఒక బ్రేకు, కుడి చక్రానికి ఒక బ్రేకు ఉంటాయి. రెండు పెడల్స్‌నూ కలిపి ఉంచేందుకు వాటి మధ్య వేలెడంత ఇనప కొక్కెం ఉంటుంది. పొలంలో దాన్ని తీసేస్తారు, రోడ్డెక్కేటప్పుడు వేయడం మరిచిపోతారు. కంగారులో కాలు ఒక్క పెడల్ మీదే పడితే ఒక్క చక్రమే బిగుసుకుంటుంది, ఇంజను అటు తిరుగుతుంది, వెనకున్న టన్నుల బరువు మాత్రం తిన్నగానే వస్తుంది. ఇంజను అడ్డం తిరిగి బోల్తా పడే ప్రమాదాలకు ఇదొక తిన్నని దారి.

హుక్కు దగ్గర ఇంకా చిన్న వస్తువు మీద ప్రాణాలు ఆధారపడి ఉంటాయి. ట్రక్కు కొసను ఇంజనుకు కలిపే పిన్ను అడుగున ఒక రంధ్రం, అందులో ఒక క్లిప్పు. గతుకుల్లో పిన్ను ఎగిరి పైకి రాకుండా పట్టి ఉంచేది ఆ క్లిప్పే. అది పోయిన రోజున బైండింగు వైరు చుట్టేస్తారు, వైరు తెగిన రోజున ఊరికే వదిలేస్తారు. పిన్ను ఊడినా ట్రక్కు విడిపోకుండా ఆపే గొలుసు మన బండ్లకు కనిపించడమే తక్కువ. హుక్కు ఎత్తు కూడా ఇలాంటిదే. బురదలో దిగబడ్డ ట్రక్కును లాగడానికి గొలుసును పైనున్న టాప్‌లింకుకో, ఇరుసుకో కడితే లాగే శక్తి ఇంజను మూతిని పైకి లేపుతుంది. ముందు చక్రాలు లేచిన ముప్పావు సెకనులోపే అది వెనక్కి తిరగబడే దశకు చేరుతుందని ట్రాక్టరు భద్రత మీద పనిచేసినవాళ్లు చెబుతారు. అంటే డ్రైవరుకు విషయం అర్థమయ్యేలోపే. కింది డ్రాబారుకు తప్ప మరి దేనికీ కట్టకూడదన్నది అందుకే.

ఇదంతా విన్నవాళ్లు వెంటనే అనే మాట: ముప్పై ఏళ్ల నుంచి ఇలాగే తోలుతున్నాం, ఏమైంది? అయినవి ఉన్నాయి. 2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర వ్యవసాయ కూలీల ట్రాక్టరు మూసీ కాలువలో పడి 15 మంది పోయారు. 2020 మే 14న ప్రకాశం జిల్లాలోనే, నాగులుప్పలపాడు మండలంలో, మిర్చి పొలం నుంచి వస్తున్న ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని కొట్టి కనీసం తొమ్మిది మంది చనిపోయారు. 2025 ఫిబ్రవరిలో పల్నాడు జిల్లా ముప్పాళ్ల మండలంలో మిర్చి కోతలకు వెళ్లి వస్తూ ట్రాక్టరు బోల్తాపడి నలుగురు ఆడవాళ్లు బలయ్యారు. వీటన్నిటికీ ట్రక్కుకు బ్రేకులు లేకపోవడమే కారణమని నేననను. ప్రతి ప్రమాదానికీ దాని తక్షణ కారణం వేరే ఉంటుంది. కానీ అదుపు తప్పిన ఆ ఒక్క క్షణంలో డ్రైవరు చేతిలో ఎంత ఆపే శక్తి మిగిలి ఉందన్నదే ఫలితాన్ని తేలుస్తుంది. ముప్పై ఏళ్లు ఏమీ కాకపోవడం రోడ్డు ఖాళీగా ఉండటం వల్ల కూడా. గుంటూరు నుంచి అనంతపురం పోయే 544డి జాతీయ రహదారి గిద్దలూరు మీదుగా పోతోంది, 565వ నంబరు రహదారి మార్కాపురం మీదుగా. రోడ్లు బాగుపడ్డాయి, కార్లు వేగం అందుకున్నాయి. మన ట్రక్కు మాత్రం వెనక లైటు లేకుండా, ఎర్ర రేడియం స్టిక్కరైనా లేకుండా చీకట్లో అదే నడకతో పోతోంది. పాత అనుభవం పాత రోడ్డుకు సరిపోయింది.

రెండో అభ్యంతరం ఖర్చు గురించి, దీన్ని తోసిపుచ్చడానికి వీల్లేదు. బ్రేకులంటే ఇరుసుకు డ్రమ్ములు కావాలి, గొట్టాలో కడ్డీలో కావాలి, మెకానిక్కు కూలి ఇవ్వాలి. అయితే ఇంజను నుంచి హైడ్రాలిక్ గొట్టం తెచ్చే ఏర్పాటు ఒక్కటే దారి కాదు. ముందున్న ఇంజను నెమ్మదించినప్పుడు ట్రక్కు వెనక నుంచి తోస్తుంది కదా, ఆ తోపుతోనే ట్రక్కు చక్రాలకు బ్రేకు పట్టే సాదా యంత్రం చాలా దేశాల్లో తేలికపాటి ట్రక్కులకు ఎప్పటినుంచో వాడుకలో ఉంది. దానికి ఇంజనులో మార్పు అక్కర్లేదు. ఖర్చు లెక్క వేసేవాళ్లు రాబడి లెక్క కూడా వేయాలి. పైన చెప్పిన కొలత ప్రకారం బ్రేకుల్లేకుండా మూడు టన్నులే లాగాల్సిన ట్రాక్టరు, బ్రేకులుంటే తొమ్మిది టన్నుల దాకా లాగవచ్చు. అంటే నిండు లోడు వేసుకుని నిశ్చింతగా కిరాయి తెచ్చుకోవాలంటే దారి బ్రేకులే. వాటిని దండగ కింద రాసుకునేవాడు ఇప్పుడు తన సంపాదన ఏ ధైర్యం మీద నడుస్తోందో చూసుకోవాలి. ఇక మినీ ట్రాక్టరు యజమానికి ఒక మాట నిష్ఠూరంగానైనా చెప్పాలి. బ్రేకులు పెట్టించినా నాలుగు టన్నులే దాని హద్దు. అయిదు వేల లీటర్ల ట్యాంకరు దాని పని కాదు. రెండు వేల లీటర్లది, అదీ బ్రేకులున్నది, దాని పని.

మూడోది, బ్రేకుల నిబంధన పెడితే అది ఇంకో వసూళ్ల దారి అవుతుందన్న భయం. న్యాయమైన భయమే. అధిక బరువుకు 20 వేల రూపాయల జరిమానా, పైన ప్రతి టన్నుకూ రెండు వేలు అని మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో ఉంది. కాటా లేని పల్లె రోడ్డు మీద ఆ జరిమానా బేరానికి పనికొస్తుంది గాని భద్రతకు పనికిరాదు. అందుకే నేను అడిగేది జరిమానాతో మొదలుపెట్టమని కాదు, డబ్బు ఇచ్చే చోట మొదలుపెట్టమని. సర్కారు ట్రాక్టర్లకు సబ్సిడీ ఇస్తుంది. 2022 జూన్ 7న గుంటూరులో యంత్ర సేవ పథకం కింద ఒక్కరోజే 3,800 ట్రాక్టర్లకు జెండా ఊపారు. ప్రభుత్వాలు మారినా, పథకాల పేర్లు మారినా సబ్సిడీ యంత్రాలు వస్తూనే ఉంటాయి. ఆ సబ్సిడీలో ట్రక్కు బ్రేకుకు కొంత వాటా పెట్టి, బ్రేకు ఉన్న ట్రక్కుకే డబ్బు విడుదల చేస్తామంటే రోడ్డు మీద ఎవరినీ ఆపాల్సిన పని లేదు.

కూలీల సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే దానికి బ్రేకులు జవాబు కాదు. ట్రాక్టరుకు ఉన్నది ఒకే సీటు. మడ్‌గార్డు మీద కూర్చున్నవాళ్లకూ, ట్రక్కులో నిలబడ్డవాళ్లకూ చట్టంలో చోటు లేదు, చాలాసార్లు బీమాలో కూడా లేదు. కూరగాయలతో ట్రాక్టరు ట్రక్కులో మార్కెట్‌కు వెళ్తూ చనిపోయిన మనిషి విషయంలో బీమా కంపెనీది బాధ్యత కాదని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. తెల్లవారకముందే మిర్చి చేనుకు పోవాల్సిన మనిషికి బస్సు ఎక్కడిది అని అడుగుతారు. బస్సు లేదు, నిజం. కానీ పక్క మండలం నుంచి కూలీలను పిలిపించుకునే రైతులు చాలామంది కూలికి తోడు ఆటో కిరాయి ఇస్తూనే ఉన్నారు. ఆ కిరాయి ఆదా చేసుకోవాలనుకున్న రోజున ట్రాక్టరు వస్తుంది. ఆటోలు కూడా కిక్కిరిసి పోతున్నాయన్నది వాస్తవమే గాని, దానికి ఇంకో ఆటో విరుగుడు, ట్రక్కు కాదు.

ముందుగా మారాల్సింది వేసవి ట్యాంకర్ల ఒప్పందం. ఈ ప్రాంతానికి నీళ్లు తేవాల్సిన వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. ఆ నీళ్లు ప్రతి పల్లె కుళాయికీ చేరేదాకా ఈ ట్యాంకర్లు తిరగక తప్పదు. వాటిని పిలిచేది సర్కారు, డబ్బు ఇచ్చేది సర్కారు. ఒప్పందంలో ట్యాంకరుకు బ్రేకులు, లోపల అడ్డురేకులు, ట్రాక్టరు బరువుకు తగ్గ లీటర్లు, వెనక రిఫ్లెక్టర్లు ఉండాలని రాయాలి. ట్రిప్పుల లెక్క తీసేసి రోజు కిరాయి ఇవ్వాలి; ఊరికి నీళ్లు అందాయా లేదా అన్నది ఊరివాళ్ల సంతకంతో తేల్చుకోవచ్చు. ఇన్ని షరతులు పెడితే ట్యాంకర్లు రావు, జనం గొంతెండి చస్తారు అన్నది చివరి అభ్యంతరం. మార్చిలో షరతు పెట్టి ఏప్రిల్‌లో అమలు చేస్తే అలాగే అవుతుంది. దసరాకే చెబితే మార్కాపురం, గిద్దలూరు వెల్డింగు షాపుల్లో ఆరు నెలల పని దొరుకుతుంది, బ్రేకు ఖర్చు మొదటి బిల్లులో కలిపి ఇస్తామంటే యజమానులే ముందుకొస్తారు. పరీక్ష పెట్టడానికి పెద్ద యంత్రాలు కూడా అక్కర్లేదు. ఒప్పందం మీద సంతకం చేసేముందు, నిండు ట్యాంకరును ఎంపీడీవో ఆఫీసుకు దగ్గర్లోని ఏదైనా దిగుడు బాటలోకి తీసుకెళ్లి, ఎదురుగా మనుషులు లేకుండా చూసి, నెమ్మదిగా దిగుతూ సున్నపు గీత దగ్గర ఆపమనాలి. గీత దాటి ఎంత దూరం పోయిందో టేపుతో కొలిచి, ఆ మీటర్లను ఒప్పంద పత్రం మీదే రాసి పెట్టాలి.